కిట్ కొనేముందు ఒక మనిషిని వెతకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను బాబూ. హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట పాలమూరు, ఒడిశా కూలీలు ఉండే బస్తీ. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారు. మీ ఆఫీసు వాళ్లంతా కలిసి లక్షా ఇరవై వేలు పోగుచేశారు. ఆ డబ్బుతో ఏ ప్రీస్కూల్ కిట్ కొనాలి, దానికంటే నాలుగు ట్యాబ్‌లు కొంటే నయమా, పేదరికం వల్ల పిల్లల బుర్ర ఎదగదంటారు అదెంత నిజం అని అడిగారు. నేను పాలమూరు వైపు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. తెలిసినంత చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు కిట్ సంగతి. ఒక ఏడాది మా సెక్టార్‌లోని, అంటే నేను చూసుకునే అంగన్‌వాడీ సెంటర్లన్నిటికీ ప్రీస్కూల్ కిట్లు వచ్చాయి. చెక్క ముక్కలు, దారానికి గుచ్చే పూసలు, పజిళ్లు, బొమ్మల చార్టులు, అన్నీ బాగున్నాయి. ఆరు నెలల తర్వాత ఒక సెంటర్‌కు వెళ్లి చూస్తే అట్టపెట్టె బీరువాలో ఉంది. సీలు కూడా తీయలేదు. టీచర్‌ను కోప్పడ్డాను. ఆమె ఏమీ మాట్లాడకుండా స్టాక్ రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టింది. "మేడమ్, పూసలు ఇన్ని అని రాసి ఉంది. పిల్లలు నాలుగు పోగొడితే ఆడిట్‌లో నేనేం చెప్పాలి?" అంది. ఆ రిజిస్టర్‌లో ఆమెతో సంతకం పెట్టించింది నేనే. ఇంకేం మాట్లాడతాను? అప్పటినుంచి ఎవరైనా "కిట్ ఇస్తాం" అంటే, "దాన్ని తీసి పిల్లల మధ్య కూర్చునేదెవరు?" అనే అడుగుతున్నాను. మిమ్మల్నీ అదే అడుగుతున్నాను.

పేద ఇంట్లో బొమ్మలు ఉండవు, నిజమే. అయితే బొమ్మకంటే ముందే ఆ ఇంట్లో లేకుండా పోయేది పెద్దవాళ్ల తీరిక. మీ బస్తీలో ఒక పొద్దున ఆరింటికి వెళ్లి నిలబడండి. తల్లి అన్నం వండి, నీళ్లు పట్టి, ఏడింటికల్లా పనిలోకి పోతుంది. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదింటికి. మధ్యలో ఆ రెండు గంటలు చిన్నవాణ్ని చంకనేసుకునేది ఎనిమిదేళ్ల అక్క. ఆ అక్క బడికి పోదు, లేదా ఆలస్యంగా పోయి తిట్లు తింటుంది. సాయంత్రం తల్లి తిరిగొచ్చేసరికి నడుం పడిపోయి ఉంటుంది. "అమ్మా, అదేంటి?" అని పిల్లవాడు అడిగితే ఆమెకు వచ్చే జవాబు "ఉండరా" అనే. ఆమెకు ప్రేమ లేక కాదు, ఒంట్లో శక్తి లేక. మీ ఇంట్లో, నా ఇంట్లో పిల్లలు రోజుకు నూరు ప్రశ్నలు అడిగి ఎనభైకి జవాబులు వింటారు. అక్కడ పిల్లవాడు కొన్నాళ్లకు అడగడమే మానేస్తాడు.

రెండోది తిండి, రక్తం. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో అది 31.2 శాతం. రక్తహీనత ఇంకా ఘోరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం, ఆంధ్రలో 63.2 శాతం. అంటే మీ ఇరవై మందిలో పదమూడు పద్నాలుగు మందికి రక్తం తక్కువే అనుకుని మొదలుపెట్టండి. ఈ పిల్లల్ని గుర్తుపట్టడంలో నేను కూడా ఏళ్ల తరబడి పొరబడ్డాను. సెంటర్‌లో ఒక మూల కదలకుండా కూర్చునే పిల్లను చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకునేదాన్ని. ఆ పిల్లది బుద్ధి కాదు, నీరసం. అల్లరి చేసే పిల్లవాడి గురించి నాకిప్పుడు టెన్షన్ లేదు. మూడేళ్ల వయసులో అల్లరి చేయని పిల్లను చూస్తేనే భయం.

ఇంకో మాట. సోమవారం పిల్లలు వేరేగా ఉంటారు. ఆదివారం సెంటర్ ఉండదు, గుడ్డూ పప్పన్నమూ ఉండవు. సోమవారం పొద్దున పాటకు చప్పట్లు కొట్టడానికి కూడా చేతులు లేవవు. మధ్యాహ్నం తిన్నాక వాళ్లే వేరే పిల్లలైపోతారు. ఇది చూడటానికి ఏ సర్వే అక్కర్లేదు.

ఇక "బుర్ర ఎదగదు" అన్న మాట. 85 శాతం మెదడు ఎదుగుదల ఆరేళ్ల లోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. ఆ వాక్యం పట్టుకుని ఆరేళ్లు దాటితే అంతే సంగతులు అన్నట్టు కొందరు మాట్లాడతారు. నాకు ఆ మాట నచ్చదు. మన దగ్గరే యంగ్ లైవ్స్ అనే అధ్యయనం ఉంది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలతో మొదలుపెట్టి, వాళ్లు పెద్దయ్యేదాకా వెంట నడిచారు. చిన్నప్పుడు ఎత్తు పెరగని పిల్లలు తర్వాత చదువులో వెనకబడ్డం అందులో కనబడింది. అలా వెనకబడ్డ వాళ్లలో కొందరు తర్వాతి ఏళ్లలో ఎత్తులోనూ చదువులోనూ కోలుకోవడం కూడా కనబడింది. కాబట్టి తొందరపడాలి గానీ ఏ పిల్లవాడి మీదా ఆశ వదులుకునే అవసరం లేదు.

తిండి, తీరిక రెండూ లేనప్పుడు డబ్బు దేనికి పెట్టాలి? దీనికి జమైకాలో జరిగిన ఒక పనిని చూడండి. 1986-87లో కింగ్‌స్టన్ పేటల్లో 9 నుంచి 24 నెలల వయసున్న, ఎత్తు పెరగని 129 మంది పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు వారానికోసారి ఆరోగ్య కార్యకర్త వెళ్లి, గంటసేపు తల్లితో కలిసి బిడ్డతో ఆడించింది, మాట్లాడించింది. కొందరికి రెండూ. కొందరికి ఏదీ లేదు. రెండేళ్లు నడిచింది. బొమ్మలు కొన్నవి కావు, ఇంట్లో పారేసే డబ్బాలు, గుడ్డలతో చేసినవి. ఈ వారం ఇచ్చిన బొమ్మ వచ్చే వారం తీసుకుని ఇంకోటి ఇచ్చేవాళ్లు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, అలా ఇంటికెళ్లి ఆడించిన పిల్లల సంపాదన మిగతావాళ్ల కంటే 25 శాతం ఎక్కువగా ఉంది. ఒట్టి ఆహారం ఇచ్చి వదిలేసిన గుంపులో సంపాదన తేడా కనబడలేదు.

అంటే తిండి దండగ అని కాదు. హైదరాబాద్ దగ్గరి పల్లెల్లోనే 1987-90 మధ్య పిల్లలకూ గర్భిణులకూ రోజూ మొక్కజొన్న, సోయాతో చేసిన ఉప్మా పెట్టారు. ఆ పిల్లల్ని పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో కొలిస్తే, ఉప్మా అందని పక్క ఊళ్ల పిల్లలకంటే సుమారు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. పిండి ఉప్మా ఎముకలో కనబడింది. మాటలాట జీతంలో కనబడింది. మీ పిల్లలకు రెండూ కావాలి.

తమిళనాడులో ఇటీవల జరిగిన పరిశీలన మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. నాలుగు జిల్లాల్లో 320 అంగన్‌వాడీలు తీసుకుని, వాటిలో సగానికి ప్రీస్కూల్ కోసమే సగం రోజు పనిచేసే ఒక మనిషిని అదనంగా పెట్టారు. పిల్లలకు చెప్పే సమయం రెట్టింపైంది, లెక్కలూ భాషా మెరుగయ్యాయి. పాత టీచర్‌కు తిండి, బరువులు చూసుకునే వీలు చిక్కడంతో పిల్లల ఎత్తు సమస్య కూడా తగ్గింది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లు సెక్టార్ మీటింగ్‌లో మా టీచర్లు మొత్తుకున్నది ఇదే. ఒక చేతిలో పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ ఉన్న ఫోను, ఇంకో చేతిలో రిజిస్టరు. పిల్లలకు మిగిలేదేది?

అందుకే మీరు కొత్తగా ఇంకో బడి తెరవకండి. అరకిలోమీటరు దూరంలో అంగన్‌వాడీ ఉందని మీరే రాశారు. మీ బడిలో చేరితే పిల్లలు అక్కడికి పోరు. పోకపోతే రోజూ వచ్చే గుడ్డూ అన్నమూ పోతాయి. వాళ్ల ఇళ్లలోని చిన్నవాళ్లకు, అంటే ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు వాళ్లకు, నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి ప్యాకెట్టు, పదహారు గుడ్లు వస్తాయి. తల్లి సెంటర్ గడప తొక్కకపోతే అవీ పోతాయి. బాలామృతం ప్యాకెట్టు నెలంతా రాదు, ముగ్గురు పిల్లలున్న ఇంట్లో పది రోజుల్లో అయిపోతుంది. అది దొంగతనం కాదు, ఆకలి. ఆ తల్లిని నిలదీయకండి.

"వేరే రాష్ట్రం వాళ్లు, ఆధార్ లేదు" అని ఎవరైనా వెనక్కి పంపితే ఊరుకోవద్దు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ భోజనం హక్కు. పిల్లవాడికి సొంత ఆధార్ తప్పనిసరి కాదు, తల్లి ఆధార్‌తో నమోదు చేయొచ్చు. ఒడిశాలో పేరుంటే పోషణ్ ట్రాకర్‌లో ఇక్కడికి మార్చుకోవచ్చు. ఇంకొకటి చాలామందికి తెలియదు. ఆరేళ్ల లోపు పిల్లలు నలభై మంది ఉండి అంగన్‌వాడీ లేని పేట ఏదైనా అడిగితే మూడు నెలల్లో సెంటర్ పెట్టాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ పక్క బస్తీలూ కలిపి లెక్కపెట్టి చూడండి. నలభై దాటితే, ఆ దూరంలో ఉన్న సెంటర్‌కు మెయిన్ రోడ్డు దాటాల్సి వస్తోందని రాసి సీడీపీవోకు, అంటే అంగన్‌వాడీల పై అధికారికి, ఒక కాగితం ఇవ్వండి. రశీదు తీసుకోవడం మర్చిపోవద్దు.

ఇప్పుడు మీ లక్షా ఇరవై వేలు. నేనైతే ఇలా ఖర్చుపెడతాను. ఆ బస్తీలోనే ఇంటర్ చదివిన ఒక అమ్మాయినో, చిన్న పిల్లల తల్లినో పెట్టుకోండి. రోజుకు నాలుగు గంటలు, నెలకు ఏడు వేలు. ఏడాదికి ఎనభై నాలుగు వేలు. ఏడింటికి వస్తుంది, తొమ్మిదింటిదాకా పిల్లల్ని బస్తీలోనే ఆడిస్తుంది, తర్వాత అందర్నీ చేయి పట్టుకుని రోడ్డు దాటించి అంగన్‌వాడీకి తీసుకెళ్లి పదకొండింటిదాకా టీచర్ పక్కన కూర్చుంటుంది. ఆ పొద్దుటి రెండు గంటలతో ఎనిమిదేళ్ల అక్కలు కూడా బడికి పోతారు. పొద్దున్నే ఒక పల్లీ ఉండ: ఇరవై మంది, తలకు నాలుగు రూపాయలు, నెలకు పాతిక రోజులు. రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు. పుస్తకాలకు ఐదు వేలు. చాపలు, బక్కెట్టు, సబ్బు, రంగులు, కాగితాలకు మూడు వేలు. మిగిలిన నాలుగు వేలు ఆటో ఛార్జీలకు పక్కన పెట్టండి, ఎందుకో కిందికొస్తే చెబుతాను.

టీచర్ అనుమతి లేకుండా మీ మనిషిని లోపలికి పంపకండి. తనిఖీకి వచ్చారనుకుని ఆమె బిగుసుకుపోతుంది. ముందు మీరే వెళ్లి, ఆమె చేతి టీ తాగి, "మీకు ఏ పని భారంగా ఉంది?" అని అడగండి. తర్వాత సూపర్‌వైజర్‌కు, సీడీపీవోకు ఉత్తరం ఇవ్వండి. ఆయమ్మను కూడా కలుపుకోండి. పిల్లలకు ఆమే ఎక్కువ దగ్గర.

ఆ మనిషి ఏం చేయాలి? మాట్లాడాలి. చేయి కడిగిస్తూ, ఉండ పెడుతూ, రోడ్డు మీద నడుస్తూ మాట్లాడుతూనే ఉండాలి. "ఆ ఇటుకలు ఎర్రగా ఎందుకున్నాయి? క్రేన్ ఏం ఎత్తుతోంది? మీ నాన్న ఎన్నో అంతస్తులో ఉన్నాడు?" పిల్లవాడు ఒక ముక్క చెబితే దానికి ఇంకో ముక్క కలిపి తిరిగి ఇవ్వాలి. భాష గురించి భయం వద్దు. ఒడియా పిల్లకైనా లంబాడీ పిల్లకైనా నీళ్లంటే "పాణి". ఆ ఒక్క మాట టీచరమ్మ నోట వినబడితే పిల్ల మొహం విప్పారుతుంది. 2004 నుంచే ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, గోండి, లంబాడీ లాంటి ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు చదువు మొదలుపెట్టింది ఈ అనుభవంతోనే. తెలుగు వెనకాలే వస్తుంది.

ఆటలకు కొనాల్సింది తక్కువ. వామనగుంతలు తీయించండి. ఒకటి నుంచి వంద గడగడా అప్పజెప్పే పిల్లవాణ్ని "ఏడు చింతగింజలు తే" అంటే గుప్పెడు తెస్తాడు. గుంతకొకటి వేస్తూ పోతే నెలలో ఏడంటే ఏమిటో వేళ్లకే తెలుస్తుంది. మూడేళ్ల లోపు చెల్లెళ్లు, తమ్ముళ్లు చుట్టూ ఉంటే మాత్రం గింజలు తీసేయండి, గొంతులోకి పోతాయి. పెన్సిల్ పట్టేముందు చిక్కుడుకాయలు ఒలవడం, పిండి ముద్ద పిసకడం, బట్టల క్లిప్పులు తాడుకు పెట్టడం చేయించండి. గుజ్జనగూళ్లు ఆడుతున్న పిల్లల్ని ఆపి ఏబీసీడీలు దిద్దించడం నాకు చిర్రెత్తించే పని. కానీ తల్లిదండ్రులు అదే అడుగుతారు. కాన్వెంట్‌కు నెలకు వెయ్యి కట్టి, పలక నిండా రాసి తెస్తే చదువొచ్చిందనుకుంటారు. వాళ్లతో వాదించకండి. నెలకోసారి పిలిచి, పిల్లవాడి చేత కథ చెప్పించండి. తండ్రి మొహం చూడండి అప్పుడు.

కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితం, ఒడియాలోనూ ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్ల దగ్గర చిన్న పిల్లల పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. అరవింద్ గుప్తా గారి వెబ్‌సైట్‌లో పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం చూపిస్తారు. వారం వారం ఏం చేయించాలో కావాలంటే 2024లో కేంద్రం తెచ్చిన ఆధారశిల పాఠ్యప్రణాళిక చూడండి, టీచర్ దగ్గర ఉంటుంది. పుస్తకాలు బీరువాలో పెట్టొద్దు. తాడు కట్టి, పిల్లల చేతికందే ఎత్తులో వేలాడదీయండి. చిరుగుతాయి. చిరగాలి. చిరిగినదానికి ఎవరూ సంజాయిషీ అడగరని ఆ అమ్మాయికి మొదటి రోజే చెప్పండి.

ట్యాబ్‌లు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని, తగ్గితే ఇంకా మంచిదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ గంట తండ్రి ఫోన్‌లో రాత్రే అయిపోతోంది.

ఆటో డబ్బుల సంగతి ఇప్పుడు. నెలకోసారి టీచర్ బరువులు తీసే రోజున మీ మనిషి అక్కడ ఉండాలి. జబ్బ చుట్టూ రంగుల టేపు పెడతారు. 11.5 సెంటీమీటర్ల లోపైతే ఎరుపు, ఆ పిల్లను ఆరోజే డాక్టర్‌కు చూపించాలి. పోషకాహార పునరావాస కేంద్రానికి పంపమంటే తల్లి కూలి పోతుందని వెనకాడుతుంది. అక్కడే చాలా కేసులు ఆగిపోతాయి. ఆ ఆటో ఛార్జీ, రెండు రోజుల కూలి మీరు పెట్టుకోగలిగితే పిల్ల దక్కుతుంది. ఏఎన్ఎం నర్సమ్మ ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ నులిపురుగుల మాత్ర. ఇవి గోడ మీద రాసి పెట్టండి. పిలిస్తే తిరిగి చూడని పిల్ల, రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి చెప్పని పిల్ల ఉంటే "పేదింటి పిల్లలింతే" అని వదిలేయొద్దు, చెవి పరీక్ష చేయించండి. మా సెక్టార్‌లో నాలుగేళ్లు "మొద్దు" అనిపించుకున్న ఒక పిల్లవాడికి చెవిలో చీము తప్ప ఇంకేమీ లేదు.

చేయాల్సిన మొదటి పని డబ్బుతో కాదు. వచ్చే సోమవారం సెలవు పెట్టి, టీచర్‌ను అడిగి, అంగన్‌వాడీలో ఒక మూల గంటసేపు కూర్చోండి. ఒక కాగితం మీద, ఒక్కో పిల్లతో పెద్దవాళ్లెవరైనా ఎన్నిసార్లు మాట్లాడారో గీతలు పెట్టండి. "కూర్చో", "అరవకు" లాంటివి లెక్కలోకి రావు. ఆ కాగితం ఇక్కడ పెట్టండి. సున్నా వచ్చిన పిల్లల దగ్గర్నుంచి మీ మనిషికి పని చెబుదాం.